134 వార్డులు గెలిచినా అందని స్టాండింగ్ కమిటీ: ఢిల్లీ కార్పొరేషన్ ఎలా ఎన్నికవుతుంది, ఎవరు నడుపుతారు?

2022 డిసెంబర్‌లో ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ ఎన్నికల్లో ఆమ్ ఆద్మీ పార్టీ 250 వార్డుల్లో 134 గెలిచింది. స్పష్టమైన మెజారిటీ. అయినా మేయర్‌ని ఎన్నుకోవడానికి రెండున్నర నెలలు పట్టింది, దానికి సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. కార్పొరేషన్‌లో ఖర్చులకు తాళంచెవి లాంటి స్టాండింగ్ కమిటీ అయితే 2025 జూన్ వరకు ఏర్పడనే లేదు, ఏర్పడేసరికి అది బీజేపీ చేతిలో ఉంది. ఎన్నికల్లో గెలిచిన పార్టీ పాలనలో ఎందుకు ఇరుక్కుపోయిందో అర్థం కావాలంటే రాజకీయ ప్రకటనలకంటే ముందు చట్టంలోని నిర్మాణం చూడాలి.

క్లుప్తంగా

ఢిల్లీలో ఓటరు నేరుగా ఎన్నుకునేది కార్పొరేటర్‌ని మాత్రమే. మేయర్‌ని కార్పొరేటర్లు, ఎంపీలు, కొందరు ఎమ్మెల్యేలు కలిసి ఏడాదికొకరి చొప్పున ఎన్నుకుంటారు. రోజువారీ పాలన కేంద్రం నియమించే కమిషనర్‌ది. పెద్ద కాంట్రాక్టులకు ఆమోదం 18 మంది స్టాండింగ్ కమిటీది. ఆ కమిటీలో మూడింట రెండొంతుల మంది జోన్ల నుంచి, అంటే ఊరిని పంచిన పాలనా విభాగాల నుంచి వస్తారు, జోన్లలో ఎన్నిక లేకుండా నియమితులైన నామినేటెడ్ సభ్యులకూ ఓటు ఉంటుంది. మొత్తం గొడవంతా ఈ చివరి మెలిక చుట్టూనే తిరిగింది.

ఒకే ఊరు, మూడు స్థానిక సంస్థలు

ఢిల్లీ అనగానే ఒకే కార్పొరేషన్ అనుకుంటాం. నిజానికి మూడు సంస్థలున్నాయి. దాదాపు 1,483 చదరపు కిలోమీటర్ల ఢిల్లీలో 1,397 చదరపు కిలోమీటర్ల వరకు మున్సిపల్ కార్పొరేషన్ కిందికి వస్తుంది. రాష్ట్రపతి భవన్, పార్లమెంటు, మంత్రిత్వ శాఖలు ఉన్న సుమారు 43 చదరపు కిలోమీటర్ల ప్రాంతం న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్‌ది. సైన్యం ఉండే ప్రాంతానికి కంటోన్మెంట్ బోర్డు వేరుగా ఉంది.

న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ పేరులో కౌన్సిల్ ఉన్నా, అక్కడ కార్పొరేటర్ల ఎన్నికలు ఉండవు. 1994 చట్టం ప్రకారం అది నడుస్తుంది, చైర్‌పర్సన్‌గా కేంద్రం నియమించే అధికారి ఉంటారు, ఆ ప్రాంత ఎంపీ, ఎమ్మెల్యేలు సభ్యులుగా కూర్చుంటారు. అంటే దేశ రాజధాని నడిబొడ్డున ఇల్లున్నవాళ్లకి అసెంబ్లీకి, లోక్‌సభకి ఓటుంది, వీధి దీపాలు చూసే సంస్థకి మాత్రం లేదు. ఈ వ్యాసం ఎన్నికలున్న పెద్ద సంస్థ గురించే.

పైన మరో రెండు ప్రభుత్వాలున్నాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. పోలీసు, భూమి కేంద్రం చేతిలో ఉన్నాయి, ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ కూడా కేంద్రానిదే. మంచినీళ్లు, మురుగునీటి పైపులు చూసే జల్ బోర్డు ఢిల్లీ ప్రభుత్వానిది. రోడ్ల విషయంలో అయితే వెడల్పుని బట్టి యజమాని మారతాడు, 60 అడుగులు దాటిన రోడ్లు చాలావరకు ఢిల్లీ ప్రభుత్వ ప్రజా పనుల శాఖవి, గల్లీలు, కాలనీ రోడ్లు కార్పొరేషన్‌వి. వానాకాలంలో నీళ్లు నిలిచిన ప్రతిసారీ ఈ కాలువ మాది కాదంటే మాది కాదని సంస్థలు చెప్పుకోవడానికి మూలం ఇదే. చెత్త సేకరణ, ప్రాథమిక పాఠశాలలు, హిందూరావు లాంటి కొన్ని ఆసుపత్రులు, దోమల నివారణ, ఇంటి ప్లాన్ అనుమతులు, ఆస్తి పన్ను, జనన మరణ ధ్రువపత్రాలు, ఇవీ కార్పొరేషన్ సొంత పనులు. సామాన్యుడి రోజుకి అత్యంత దగ్గరగా ఉండే పనులు ఇవే కాబట్టి, ఇక్కడ ఎవరు గెలిచారన్నది ఎంత ముఖ్యమో, గెలిచాక ఏం చేయగలరన్నది అంతే ముఖ్యం.

మూడుగా చీలి, మళ్లీ ఒకటై

1957 చట్టంతో 1958 ఏప్రిల్‌లో ఈ కార్పొరేషన్ పుట్టింది. స్వాతంత్ర్య సమరయోధురాలు అరుణా అసఫ్ అలీ మొదటి మేయర్. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ తర్వాత, దేశమంతటి పట్టణ సంస్థల్లాగే దీనికీ ఐదేళ్ల గడువు, రిజర్వేషన్లు, రాష్ట్ర ఎన్నికల సంఘం పర్యవేక్షణ వచ్చాయి.

వార్డుల సంఖ్య 2007 నాటికి 272 అయింది. షీలా దీక్షిత్ ప్రభుత్వ కాలంలో 2012లో దీన్ని ఉత్తర, దక్షిణ, తూర్పు కార్పొరేషన్లుగా విడగొట్టారు, వరసగా 104, 104, 64 వార్డులతో. సంస్థ చిన్నదైతే పాలన జనానికి దగ్గరవుతుందన్నది అప్పటి వాదన. ఆచరణలో డబ్బు సమానంగా పంచబడలేదు. దక్షిణానికి ఆస్తి పన్ను బాగా వచ్చే కాలనీలు, మార్కెట్లు దక్కాయి, తూర్పుకి ఇరుకైన, ఆదాయం తక్కువున్న ప్రాంతాలు మిగిలాయి. తూర్పు ఢిల్లీలో పారిశుద్ధ్య కార్మికులు నెలల తరబడి జీతాలు అందక సమ్మెలకు దిగి, చెత్తను రోడ్ల మీద పోసిన రోజులు ఆ దశాబ్దంలో పదేపదే వచ్చాయి. ఒక ఊరిని ముక్కలు చేసేటప్పుడు హద్దులు గీసినంత జాగ్రత్తగా ఆదాయం పంచకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

2022 ఏప్రిల్‌లో జరగాల్సిన ఎన్నికలు ప్రకటించే రోజునే, కేంద్రం నుంచి సమాచారం వచ్చిందంటూ ఎన్నికల సంఘం వాయిదా వేసింది. తర్వాత పార్లమెంటు చట్టం సవరించి మూడింటినీ కలిపింది, మే 22న ఏకీకృత కార్పొరేషన్ మళ్లీ అమల్లోకి వచ్చింది, ఎన్నికలయ్యేదాకా ఒక ప్రత్యేకాధికారి నడిపారు. సీట్లు 250కి మించకూడదన్నారు. అంతకంటే పెద్ద మార్పు ఒకటి అంతగా చర్చకు రాలేదు: చట్టంలో చాలాచోట్ల ‘ప్రభుత్వం’ అన్న పదం స్థానంలో ‘కేంద్ర ప్రభుత్వం’ అని చేర్చారు. వార్డుల సంఖ్య నిర్ణయించడం లాంటి అధికారాలు దాంతో ఢిల్లీ ప్రభుత్వం చేతిలోంచి కేంద్రానికి వెళ్లాయి.

ఓటు వేసేదాకా అంతా సులువే

హైదరాబాద్‌లో డివిజన్ అని పిలిచేదాన్నే ఢిల్లీలో వార్డు అంటారు. వార్డుకి ఒక కార్పొరేటర్, ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లే గెలుస్తారు. పోటీకి 21 ఏళ్లు నిండాలి, పార్టీ గుర్తుల మీదే ఎన్నిక జరుగుతుంది. సగం సీట్లు మహిళలవి, 2022లో 42 వార్డులు ఎస్సీలకు కేటాయించారు, వాటిలోనూ సగం ఎస్సీ మహిళలకు.

2022 డిసెంబర్ 4న పోలింగ్, 7న లెక్కింపు. పోలింగ్ 50 శాతం పైచిలుకు మాత్రమే. ఆప్‌కి 134, బీజేపీకి 104, కాంగ్రెస్‌కి 9, స్వతంత్రులకు 3. మూడు కార్పొరేషన్లుగా ఉన్న కాలం కూడా కలుపుకుని 15 ఏళ్ల బీజేపీ పాలన అక్కడితో ఆగింది. ఇక్కడిదాకా ఏ ఊళ్లోనైనా జరిగేదే. ఆ తర్వాత నుంచే ఢిల్లీ దారి వేరు.

మేయర్ ఓటర్లు 274 మంది

మేయర్ ఎన్నికలో ఓటుండేది 250 మంది కార్పొరేటర్లకు, ఏడుగురు లోక్‌సభ ఎంపీలకు, ముగ్గురు రాజ్యసభ ఎంపీలకు, అసెంబ్లీ స్పీకర్ పంపే 14 మంది ఎమ్మెల్యేలకు. మొత్తం 274. ఎమ్మెల్యేలు ఎవరన్నది స్పీకర్ ఇష్టం కాబట్టి అసెంబ్లీలో అధికారం మారితే కార్పొరేషన్ లెక్క కూడా మారుతుంది. 2025 ఫిబ్రవరిలో అదే జరిగింది. అసెంబ్లీలో బీజేపీ 48, ఆప్ 22 గెలిచాయి. అంతకుముందు ఒకరు తప్ప అందరూ ఆప్ ఎమ్మెల్యేలే ఉన్న ఆ 14 మంది జాబితాలో, కొత్త స్పీకర్ వచ్చాక 11 మంది బీజేపీ వాళ్లయ్యారు. వార్డుల్లో ఒక్క ఓటు కూడా పడకుండానే ఆప్ నుంచి బీజేపీకి పది ఓట్లు మారాయి.

వీళ్లు కాక సభలో ఇంకో పదిమంది ఉంటారు. మున్సిపల్ వ్యవహారాల్లో అనుభవం ఉన్నవాళ్లని లెఫ్టినెంట్ గవర్నర్ నామినేట్ చేస్తారు, ఇంగ్లిష్ వాడుకలో ఆల్డర్‌మెన్. 2023 జనవరి 6న మొదటి సమావేశంలో వీళ్లతో ముందుగా ప్రమాణం చేయించబోయేసరికి, మేయర్ ఎన్నికలో వీళ్లకు ఓటిస్తారన్న అనుమానంతో సభలో తోపులాటలు జరిగాయి. జనవరి 24న, ఫిబ్రవరి 6న కూడా ఎన్నిక జరగలేదు. చివరికి ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు, నామినేటెడ్ సభ్యులకు కార్పొరేషన్ సమావేశాల్లో ఓటు హక్కు లేదని రాజ్యాంగంలోని 243ఆర్ అధికరణమే చెబుతోందని స్పష్టం చేసింది. ఫిబ్రవరి 22న షెల్లీ ఒబెరాయ్ 150 ఓట్లతో గెలిచారు, 116 ఓట్లతో ఓడిన రేఖా గుప్తా రెండేళ్ల తర్వాత ఢిల్లీ ముఖ్యమంత్రి అయ్యారు.

ఒబెరాయ్‌కి వచ్చిన 150 ఓట్లు 134 మంది కార్పొరేటర్లకు ఎంపీలు, ఎమ్మెల్యేలు కలిస్తే దాదాపు సరిపోయేవే. కానీ లెక్క సరిపోవడం ప్రతిసారీ గ్యారంటీ కాదు. ఢిల్లీ మేయర్ ఎన్నిక రహస్య బ్యాలెట్‌తో జరుగుతుంది, ఫిరాయింపుల చట్టం ఇక్కడి కార్పొరేటర్లకు వర్తించదు. వేరే పార్టీ అభ్యర్థికి ఓటేసినా, పార్టీ మారినా పదవికి ఢోకా లేదు. 2024 నవంబర్ 14న ఆప్ అభ్యర్థి మహేశ్ కుమార్ ఖించీ గెలిచింది మూడు ఓట్ల తేడాతో, 133కి 130. కాగితం మీద పార్టీకి అంతకంటే ఎక్కువ బలమే ఉంది.

ఏడాది మేయర్, అంతకంటే చిన్న రిజర్వేషన్

ఐదేళ్ల సభకి ఐదుగురు మేయర్లు. మొదటి ఏడాది మహిళకి, మూడో ఏడాది ఎస్సీ సభ్యుడికి రిజర్వు, మిగతా మూడూ అందరికీ. కార్పొరేషన్ సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది, ఎన్నిక ఎప్పుడు జరిగినా సరే. చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ దీని ఫలితం పెద్దది. 2023 ఫిబ్రవరి 22న గెలిచిన మహిళా మేయర్ ‘మొదటి ఏడాది’ మార్చి 31తో అయిపోయింది, అంటే ఆరు వారాలు కూడా లేదు. ఒబెరాయ్ ఏప్రిల్‌లో జనరల్ ఏడాదికి మళ్లీ ఎన్నికయ్యారు కాబట్టి కొనసాగారు, అది వేరే సంగతి.

ఎస్సీ సభ్యుడికి దక్కాల్సిన మూడో ఏడాది 2024 ఏప్రిల్‌లో మొదలవ్వాలి. ఎన్నిక నిర్వహించే ప్రిసైడింగ్ అధికారిని లెఫ్టినెంట్ గవర్నర్ నియమించాలి, ఆ ఫైలు ముఖ్యమంత్రి ద్వారా రావాలి, ముఖ్యమంత్రి కేజ్రీవాల్ అప్పుడు జైల్లో ఉన్నారు. ఎన్నిక ఆగిపోయింది, పాత మేయరే కొనసాగారు. నవంబర్‌లో ఖించీ వచ్చేసరికి ఆయనకు మిగిలింది ఐదు నెలలు. ఒకే సభలో రెండు రిజర్వుడు పదవీకాలాలూ కుదించుకుపోవడం ఎవరో ఒకరి కుట్రని చెప్పలేం, కానీ గడువు ఎన్నిక రోజు నుంచి కాకుండా క్యాలెండర్ నుంచి లెక్కించినంతకాలం ఆలస్యానికి మూల్యం చెల్లించేది ఆ వర్గాలే అవుతాయి. ఈ ఒక్క నిబంధన మార్చడానికి పెద్ద సంస్కరణలేమీ అక్కర్లేదు.

అసలు పట్టు ఎక్కడుంది

మేయర్ సభ నడుపుతారు, ఎజెండా మీద ప్రభావం చూపుతారు, ఊరికి ప్రథమ పౌరుడు లేదా పౌరురాలు. ఫైళ్ల మీద కార్యనిర్వాహక సంతకం మాత్రం కమిషనర్‌ది. ఆ కమిషనర్‌ని నియమించేది కేంద్రం. సిబ్బంది, టెండర్లు, కూల్చివేతలు, పన్ను వసూళ్లు అన్నీ కమిషనర్ కింద నడుస్తాయి. కార్పొరేటర్లకి జీతం ఉండదు, సమావేశానికి భత్యం ఉంటుంది. తన వార్డులో చెత్త ఎత్తడం లేదని కార్పొరేటర్ చేయగలిగింది అధికారిని అడగడం, సభలో లేవనెత్తడం.

మరి ఎన్నికైనవాళ్లు అధికారులను నిజంగా ఎక్కడ ఆపగలరు, ఎక్కడ ముందుకు నడపగలరు అంటే, సమాధానం స్టాండింగ్ కమిటీ. 18 మంది సభ్యులు. ఈ గొడవ నడిచిన రోజుల్లో 5 కోట్ల రూపాయలు దాటిన కాంట్రాక్టు ఏదైనా ఈ కమిటీ ఆమోదం పొందాల్సి ఉండేది. లేఅవుట్ ప్లాన్లు ఇక్కడికే రావాలి. కమిషనర్ తయారుచేసిన బడ్జెట్ అంచనాలు మొదట ఈ కమిటీ ముందు పెట్టాలి, ఇక్కడ మార్పులు చేశాకే అవి సభకి వెళతాయి. పన్ను రేట్లని సభ ఫిబ్రవరి 15లోపు ఖరారు చేయాలి. ఇంత పని ఉన్న కమిటీ లేకపోతే ఏమవుతుంది? 2023, 2024 మొత్తం, 2025లో సగం వరకు ఢిల్లీ అదే చూసింది. రోజుకి దాదాపు 11,000 టన్నుల చెత్త వచ్చే ఊళ్లో, భలస్వా, గాజీపూర్, ఓఖ్లా చెత్తగుట్టలు ఊరి ఆనవాళ్లుగా మారిపోయిన చోట, పెద్ద చెత్త కాంట్రాక్టులకు ఆమోదం చెప్పాల్సిన కమిటీయే లేదు. కమిటీ ఏర్పడేదాకా దాని పని సభకే అప్పగించాలని ఆప్ సుప్రీంకోర్టుకు కూడా వెళ్లింది.

ఆరు సీట్ల లెక్క

18 మందిలో ఆరుగురిని కార్పొరేటర్లు సభలో ప్రాధాన్య ఓటు పద్ధతిలో ఎన్నుకుంటారు, రాజ్యసభ ఎన్నికల తరహాలో. గెలవడానికి కావాల్సిన కోటా ఎలా వస్తుందంటే, పడిన ఓట్లని ఏడుతో భాగించి ఒకటి కలపాలి. 250 మందీ ఓటేస్తే 36. కాంగ్రెస్ సభ్యులు దూరంగా ఉండేసరికి అది 35 దరిదాపులకి దిగింది. ఆప్ 134 మందితో మూడు సీట్లు గెలిచి, ఇంకా 29 ఓట్లు మిగుల్చుకుంటుంది. బీజేపీ 104 మందితో రెండు గెలిచి 34 మిగుల్చుకుంటుంది, మూడో సీటుకి ఒక్క ఓటు తక్కువ. ఆప్ నలుగురిని, బీజేపీ ముగ్గురిని నిలబెట్టాయి. అంటే చివరి సీటు ఒకటి రెండు ఓట్ల మీద వేలాడుతోంది.

ఆ ఒక్క ఓటు దగ్గరే గొడవ మొదలైంది. 2023 ఫిబ్రవరి 24న లెక్కింపు జరుగుతుండగా మేయర్ ఒక ఓటుని చెల్లదన్నారు, సభలో కొట్లాట అయింది, బల్లల మీదకెక్కారు, బ్యాలెట్ పెట్టెలు లాగారు, నీళ్ల సీసాలు విసురుకున్నారు. మేయర్ మళ్లీ పోలింగ్ ప్రకటిస్తే ఢిల్లీ హైకోర్టు ఆపేసింది. మే 23న తీర్పు చెబుతూ రీపోలింగ్ నిర్ణయాన్ని కొట్టేసి, ఆ ఓటుని లెక్కలోకి తీసుకుని ఫలితం ప్రకటించమంది. చెరి మూడు. ఇరుపక్షాలూ టీవీల్లో మాట్లాడిన మాటలు పక్కనపెట్టి ఆ సభ దృశ్యాలు చూస్తే అసహ్యంగానే అనిపిస్తాయి, కానీ ఒక్క ఓటు కోసం అంత పట్టుదల ఎందుకో పై లెక్క చూస్తే తెలుస్తుంది.

పన్నెండు జోన్లు, పది మంది

మిగతా 12 మంది జోన్ల నుంచి రావాలి. ఊరంతా 12 జోన్లు, జోన్‌లోని వార్డుల కార్పొరేటర్లంతా కలిసి వార్డుల కమిటీ, ఆ కమిటీ ఒక్కొక్కరిని స్టాండింగ్ కమిటీకి పంపుతుంది. ఊరు మొత్తంలో మెజారిటీ ఉన్న పార్టీకి ప్రతి జోన్‌లో మెజారిటీ ఉండాలని లేదు. ఓట్లు కొన్ని జోన్లలో కుప్పగా ఉండి, మరికొన్నింట్లో అంచున ఉంటే, ఎక్కువ కార్పొరేటర్లున్న పార్టీ తక్కువ జోన్లు గెలవడం సాధ్యమే. అసెంబ్లీ ఎన్నికల్లో ఓట్ల శాతానికీ సీట్లకీ పొంతన కుదరనట్టే ఇది కూడా.

దీనికి తోడు నామినేటెడ్ సభ్యులు. సభలో వీళ్లకి ఓటు లేదని సుప్రీంకోర్టు చెప్పింది సరే. వార్డుల కమిటీలో మాత్రం చట్టం వీళ్లని సభ్యులుగా గుర్తిస్తుంది, ఓటూ ఉంటుంది. పదిమందిని 12 జోన్లకి సర్దే నియమమేమీ లేదు. 2023 జనవరిలో నామినేట్ అయిన పదిమందీ నరేలా, సివిల్ లైన్స్, సెంట్రల్ అనే మూడు జోన్లలోకే వచ్చారు. తక్కువ మంది ఉండే కమిటీలో కొద్దిమంది కలిసినా మెజారిటీ తారుమారవుతుంది. గెలిచిన వార్డులు 134 అయినా, ఈ మూడు జోన్లలో పది ఓట్లు ఎక్కడ పడతాయన్నదే స్టాండింగ్ కమిటీ ఎవరిదో తేల్చే స్థితి వచ్చింది.

వీళ్లని నియమించేటప్పుడు లెఫ్టినెంట్ గవర్నర్ ఢిల్లీ మంత్రివర్గం సలహా తీసుకోవాలా వద్దా అన్నది తర్వాతి వివాదం. సాధారణంగా ఎన్నికైన ప్రభుత్వం సలహాతోనే పనిచేయాలన్నది ఆప్ వాదన. 2024 ఆగస్టు 5న సుప్రీంకోర్టు, 1993లో సవరించిన మున్సిపల్ చట్టమే ఈ అధికారాన్ని నేరుగా అడ్మినిస్ట్రేటర్‌కి, అంటే లెఫ్టినెంట్ గవర్నర్‌కి ఇచ్చింది కాబట్టి సలహా అక్కర్లేదని తేల్చింది. కోర్టు చెప్పింది చట్టం ఏమంటోందో మాత్రమే. ఓటు ద్వారా రానివాళ్లు ఎన్నికైన కమిటీ పొందికని మార్చగలగడం బాగుందా అన్న ప్రశ్న పార్లమెంటు ముందు అలాగే ఉంది.

ఇదే సమయంలో ఆగస్టులో కొందరు ఆప్ కార్పొరేటర్లు బీజేపీలోకి వెళ్లారు. సెప్టెంబర్ 4న జోన్ల ఎన్నికలకి ప్రిసైడింగ్ అధికారులను నియమించడానికి మేయర్ నిరాకరించారు, లెఫ్టినెంట్ గవర్నర్ ఆదేశాలతో జోన్ల డిప్యూటీ కమిషనర్లే ఆ పని చేశారు. బీజేపీకి ఏడు జోన్లు, ఆప్‌కి ఐదు. సభ నుంచి వచ్చిన ముగ్గురితో కలిపితే 18లో బీజేపీకి 10, ఆప్‌కి 8. ఈలోగా సభ కోటాలో గెలిచిన బీజేపీ సభ్యురాలు కమల్‌జీత్ సెహ్రావత్ లోక్‌సభకి వెళ్లడంతో ఒక సీటు ఖాళీ అయి, సెప్టెంబర్ 27న దానికి జరిగిన ఎన్నిక మళ్లీ కోర్టుకెక్కింది. కమిటీ కుదురుకోవడానికి ఇంకో తొమ్మిది నెలలు పట్టింది.

హైదరాబాద్, కోల్‌కతా, లండన్‌లతో పోల్చి చూస్తే

తెలుగు పాఠకులకి తెలిసిన ఉదాహరణ హైదరాబాద్. 2020 డిసెంబర్‌లో 150 డివిజన్ల జీహెచ్ఎంసీ ఎన్నికల్లో టీఆర్ఎస్‌కి 56, బీజేపీకి 48, మజ్లిస్‌కి 44, కాంగ్రెస్‌కి 2 వచ్చాయి. మెజారిటీ ఎవరికీ లేదు, అయినా 2021 ఫిబ్రవరి 11న ఒక్క సిట్టింగ్‌లో మేయర్ ఎన్నిక ముగిసింది. అక్కడ ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు కలిపి 40 మందికి పైగా ఎక్స్ అఫీషియో (పదవిరీత్యా) సభ్యులు ఓటేశారు, వాళ్లలో టీఆర్ఎస్ బలం ఎక్కువ, మజ్లిస్ మద్దతూ దొరికింది. చేతులెత్తి ఓటేయాలి, పార్టీ విప్ ఉంటుంది, ధిక్కరిస్తే పదవికే ముప్పు. మేయర్ ఐదేళ్లూ ఉంటారు. ఢిల్లీలో మెజారిటీ ఉన్న పార్టీ ఏటా గుబులు పడాలి, హైదరాబాద్‌లో మెజారిటీ లేని పార్టీ కూడా నిశ్చింతగా ఐదేళ్లు లాగించొచ్చు. రెండుచోట్లా డివిజన్ ఓటరు ఇచ్చిన తీర్పుకీ మేయర్ కుర్చీకీ మధ్య ఎమ్మెల్యేలు, ఎంపీలు నిలబడ్డారు, ఆ సంగతి ఓటేసేటప్పుడు చాలామందికి తట్టదు. ఇక కమిషనర్ హైదరాబాద్‌లో రాష్ట్ర ప్రభుత్వం నియమించే ఐఏఎస్ అధికారి, ఢిల్లీలో కేంద్రం పంపినవారు, పేరు మారినా పద్ధతి ఒకటే.

కోల్‌కతా వేరే దారి పట్టింది. 1980 చట్టంతో అక్కడ మేయర్-ఇన్-కౌన్సిల్ వచ్చింది. కౌన్సిలర్లు ఎన్నుకున్న మేయర్, డిప్యూటీ మేయర్‌తో పాటు మరికొందరిని తానే ఎంచుకుని, శాఖలు పంచి, చిన్న మంత్రివర్గంలా నడుపుతారు. కమిషనర్ ఆ బృందం కింద పనిచేస్తారు. తప్పు జరిగితే ఎవరిని అడగాలో అక్కడ జనానికి తెలుసు.

లండన్‌లో మేయర్‌ని 2000 నుంచి ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు, 25 మంది అసెంబ్లీ ఆయన్ని ప్రశ్నిస్తుంది. మేయర్ బడ్జెట్‌ని మార్చాలంటే అసెంబ్లీలో మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. బలమైన మేయర్, కట్టడి చేసే సభ అన్న విభజన స్పష్టంగా ఉంది. ఢిల్లీలో అధికారం మేయర్, స్టాండింగ్ కమిటీ, కమిషనర్, లెఫ్టినెంట్ గవర్నర్ మధ్య నాలుగు ముక్కలైంది, ఏ ముక్కకీ మిగతా మూడూ లేకుండా పని సాగదు, అయినా ఆపడానికి మాత్రం ఒక్కటి చాలు.

డబ్బు సంగతి

2025-26కి కార్పొరేషన్ బడ్జెట్ సుమారు 17,000 కోట్ల రూపాయలు. సొంత ఆదాయంలో ఆస్తి పన్ను ముఖ్యమైంది, ఆస్తుల రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా, ప్రకటనలు, పార్కింగ్ కూడా ఉన్నాయి. మిగతాది ఢిల్లీ ప్రభుత్వం ఇవ్వాల్సిన వాటా. అక్కడ ఒక పార్టీ, ఇక్కడ ఒక పార్టీ ఉన్నంతకాలం ఆ వాటా ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అన్నది తెగని తగాదాగా సాగింది. 2022 డిసెంబర్ నుంచి రెండేళ్లు రెండుచోట్లా ఆప్ ఉన్నా స్టాండింగ్ కమిటీ లేక పెద్ద ఖర్చులు కదల్లేదు.

2025 తర్వాత, 2027కి ముందు

2025 ఏప్రిల్ 25న మేయర్ ఎన్నికని ఆప్ బహిష్కరించింది, బీజేపీ అభ్యర్థి రాజా ఇక్బాల్ సింగ్ 133 ఓట్లతో గెలిచారు, కాంగ్రెస్ అభ్యర్థికి 8. మేలో ఆప్ నుంచి 15 మంది కార్పొరేటర్లు బయటికొచ్చి ఇంద్రప్రస్థ వికాస్ పార్టీ పెట్టారు, ఎవరి పదవీ పోలేదు. జూన్‌లో స్టాండింగ్ కమిటీకి సత్యా శర్మ అధ్యక్షురాలయ్యారు. కార్పొరేషన్, అసెంబ్లీ, కేంద్రం మూడుచోట్లా ఒకే పార్టీ. కాబట్టి ఇప్పుడు పనులు వేగంగా కదిలితే నిర్మాణంలో లోపం తీరిపోయినట్టు అనిపించొచ్చు. అన్ని తాళాలూ ఒకరి దగ్గరే ఉన్నప్పుడు తలుపు తెరుచుకోవడం సహజం, చట్టంలోని ఈ నిర్మాణం మాత్రం మారలేదు.

తర్వాతి ఎన్నికలు 2027లో రావాలి. అప్పుడు వార్డుల ఫలితాలతో పాటు చూడాల్సినవి ఇవి: ఏ పార్టీ ఎన్ని జోన్లలో ముందుంది, లెఫ్టినెంట్ గవర్నర్ నామినేట్ చేసే పదిమంది ఏ జోన్లలోకి వస్తారు, కొత్త సభ మొదటి సమావేశం మార్చి 31కి ఎన్ని రోజుల ముందు జరుగుతుంది. మూడోదాన్ని బట్టి, కొత్త సభలో మొదటి మహిళా మేయర్‌కి ఏడాది దక్కుతుందో, మళ్లీ ఆరు వారాలే మిగులుతాయో తేలుతుంది.